ముల్లు ఎటుంటే ట్యాంకు అటు

ఎలుకల ఉచ్చ కంపు. పెట్రోలు వాసన కాదు, చెమట పట్టిన పాత సీట్ల వాసన కాదు, వాటన్నిటినీ తోసుకుని ముందుకొచ్చిన ఎలుకల ఉచ్చ కంపు. నలుగురు పట్టే చిన్న విమానంలో, పైలట్ సీటు మీదికి కాళ్ళు ఎత్తి, వీపు నేలకు ఆనించి, తల తీసుకెళ్ళి పెడళ్ళ మధ్య దూర్చి పైకి చూస్తే, బయటికి అంత నీటుగా కనిపించే ప్యానెల్ వెనకాల ఏముందో తెలుస్తుంది. వైర్లు, గొట్టాలు, దుమ్ము, ఎవరో ఎప్పుడో జారవిడిచి వెతకడం మానేసిన వాషరు, వాటి నడుమ సీటులోంచి పీకిన స్పాంజితో ఎలుకలు కట్టుకున్న గూడు. కాపురం పెట్టాయి, పిల్లల్ని పెట్టాయి, పని కానిచ్చుకుని పోయాయి, ఇప్పుడు ముక్కు మూసుకోవడానికి చెయ్యి ఖాళీ లేక నేను వాటి దొడ్డి కింద పడి ఉన్నాను. ఒక చేతిలో టార్చి, ఒక చేతిలో స్క్రూడ్రైవరు. స్క్రూ కదలగానే పైనుంచి ఏదో రాలి పెదవి మీద పడింది, స్పాంజి ముక్కో, ఎండిన పెంటికో, చూడదలుచుకోలేదు, ఉమ్మేశాను, అది తిరిగి నా చెంప మీదే పడింది. ఛీ. ఇంతా చేసి నేను చేస్తున్న పనేమిటయ్యా అంటే బాగున్న గడియారాన్ని ఊడదీసి దాని స్థానంలో ఇంకో బాగున్న గడియారాన్ని బిగించడం. ఎక్కడైనా పాడైన వస్తువు తీస్తారు. నేను మాత్రం మెట్టినింటి పరువు కోసం నిక్షేపంలాంటి వస్తువు తీస్తున్నాను.

బయట షెడ్డు నీడలో ప్లాస్టిక్ కుర్చీలు వేసుకుని అక్కడే ఉన్నారు అందరూ. ఈ విమానం రేకు ఎంత పల్చనిదంటే అక్కడ ఎవరు దగ్గినా ఇక్కడ నా చెవిలో దగ్గినట్టే ఉంటుంది. అత్తగారు ఫోనులో ఎవరికో చెబుతున్నారు, మళ్ళీ అదే మామగారి కథ, ఆ దిక్కుమాలిన గడియారం ఆగిపోయి మా ఆయన ప్రాణం మీదికి తెచ్చింది వదినా అని. కథ చెప్పిన కొద్దీ నునుపు తేలింది, మొదట్లో ఉన్న తడబాట్లు ఇప్పుడు లేవు, ఎక్కడ ఊపిరి ఆపాలో, ఎక్కడ 'దేవుడే ఉన్నాడు' అనాలో ఆవిడకు కంఠతా వచ్చేసింది. మా ఆయన అటూ ఇటూ పచార్లు చేస్తున్నాడు, చెప్పుల చప్పుడు. మా బుజ్జిది రెక్క కింద దూరి విమానం పొట్ట మీద వేళ్ళతో టకటక కొడుతోంది, అమ్మా అయిందా, అమ్మా ఇంకెంతసేపు అని. ఈ ఇంట్లో ఒక వాడుక ఉంది. పిల్లలకు ముందరి పాలపళ్ళు ఊడి, కొత్త పళ్ళు రెండూ పూర్తిగా వచ్చాక తాతయ్య విమానం ఎక్కిస్తారు. అంతకు ముందు ఎంత ఏడ్చినా ఎక్కించరు. ఎందుకలాగ అంటే ఎవరికీ తెలియదు, మా ఆయన్నీ అలాగే ఎక్కించారట, ఆడపడుచు పిల్లల్నీ అలాగే. మా బుజ్జిది రోజూ పొద్దున్నే అద్దం ముందు నోరు సాగదీసుకుని చూసుకునేది, ఒకటి వచ్చింది, రెండోది సగమే ఉందని. ఇప్పుడు రెండూ వచ్చాయి, మొహానికి పెద్దవిగా, కుందేలు పళ్ళలా. వచ్చాయి కాబట్టి తాతయ్య మాటిచ్చారు, గడియారం మార్చడం అయిపోగానే పైకి వెళదాం అని. అంటే నేను ఈ స్క్రూలు తిప్పడం ఆపేసే వరకే నా కూతురు నేల మీద ఉంటుంది. అందుకే నెమ్మదిగా తిప్పుతున్నాను. ఎవరైనా చూస్తే దీనికి పని రాదనుకుంటారు.

ముల్లు ఎటుంటే ట్యాంకు అటు. ఈ మాట మామగారి దగ్గర విమానం నడపడం నేర్చుకున్న ప్రతివాడి నోటా విన్నాను. రెండు రెక్కల్లో రెండు ట్యాంకులు, ఇంజను ఒకసారి ఒక్కదాంట్లోంచే తాగుతుంది, పైలట్ మోకాలి పక్కన గోడకున్న పిడిని తిప్పుతూ ఉండాలి. ఎంతసేపటికి తిప్పాలి అని లెక్కలు వేసుకుంటూ కూర్చుంటే మెదడు పాడవుతుందిరా అనేవారు మామగారు, గడియారంలో పెద్దముల్లు కుడివైపు దిగుతున్నంతసేపు కుడి ట్యాంకు, అడుగుకు చేరి ఎడమవైపు ఎక్కడం మొదలుపెట్టిందా ఎడమ ట్యాంకు, ముల్లు ఎటుంటే పిడి అటు, గాడిదకైనా అర్థమవుతుంది అనేవారు. గాడిదలకు అర్థమయింది. పోయినవారం ఆయనకు కాలేదు. ఒక్కరే వెళ్ళి తిరిగొస్తుంటే కుడి ట్యాంకు చుక్క లేకుండా ఎండిపోయి, ఎడమ ట్యాంకు నిండుగా ఉండగానే ఇంజను ఆగిపోయింది, కోసేసిన పొలంలో దించారు. ఎలా దించారో తలుచుకుంటే ఇప్పటికీ నమస్కారం పెట్టాలనిపిస్తుంది, ఒక్క గీత పడలేదు విమానానికి. పనిముట్ల పెట్టె పట్టుకుని నేను అక్కడికి పరుగెత్తేసరికి విమానం కాస్త పక్కకు ఒరిగి నిలబడి ఉంది, మామగారు దూరంగా గట్టు మీద కూర్చుని బూట్లకంటిన మట్టి గీకుతున్నారు. నేను తలుపు తియ్యక ముందే, ఏమైందని అడగక ముందే, గడియారం ఆగిపోయిందమ్మా అన్నారు. తలుపు తీసి చూశాను. నడుస్తోంది. నా చేతి గడియారంతో సరిచూశాను, తేడా లేదు. అంతా కట్టేసినా ఆ ఒక్కటీ ఆగదు, దాని వైరు నేరుగా బ్యాటరీకే వెళుతుంది, పొలం మధ్యలో ఎవరూ లేని విమానంలో దాని పని అది చేసుకుంటోంది. ఆయన మొహం చూశాను. ఆయన బూటు వైపు చూసుకున్నారు.

ఇంజను ఆగాక అయినా పిడి తిప్పొచ్చు కదా అని ఎవరూ అడగలేదు. మా ఇంట్లో అలాంటి ప్రశ్నలు అడగరు. కోడలిగా వచ్చిన కొత్తలోనే తెలిసింది, ఈ ఇంట్లో మనుషులు తప్పులు చెయ్యరు, వస్తువులు చేస్తాయి. పాలు పొంగితే స్టవ్వుది తప్పు. మా ఆయన బండి గోడకు గుద్దితే బ్రేకుది తప్పు, ఆ బ్రేకును నేను విప్పి చూసి బాగానే ఉందంటే, ముందురోజే రిపేరు చేసినదాన్ని కాబట్టి నాది కూడా తప్పు. ఆడపడుచు పరీక్ష పోతే పెన్ను కక్కింది. నాకు నవ్వొచ్చేది మొదట్లో, అమ్మకు ఫోను చేసి చెప్పి నవ్వేదాన్ని, తర్వాత్తర్వాత నవ్వు పోయి ఒక రకమైన వెగటు మిగిలింది, భోజనాల బల్ల దగ్గర ఎవరైనా అది అలా అయిపోయింది, ఇది ఇలా అయిపోయింది అనగానే కంచం దగ్గర్నుంచి లేచిపోయేదాన్ని. వస్తువుకు నోరు లేదు కదా, ఎంతైనా అంటారు. ఆ గడియారానికి నోరుంటే ఈ వారం రోజుల్లో తిట్టిన తిట్లకు మా ఇంటిల్లిపాదినీ కోర్టుకు లాగేది.

ఒక్క మామగారే అలా కాదు, కాదనుకున్నాను, అదే నా బాధ. ఈ ఇంటికి కోడలిని కాకముందు నేను ఆయన షెడ్డులో పనికి చేరినదాన్ని. చేరిన కొత్తలో ఒకసారి ఎత్తు చూపించే మీటరు ఒకటి తెచ్చి ఆయన ముందు పెట్టి, ఇది పాడైనట్టుంది సార్ అన్నాను. పాడైనట్టుంది అంటే ఏమిటమ్మా, పాడైందా, లేదా? చూడలేదండీ, అలా అనిపించింది. ఆయన కోప్పడలేదు, ఆ మీటరు నా చేతిలో పెట్టి, దీని మీద నేరం రుజువయ్యే దాకా దీన్ని వదలకు అన్నారు. ఆ రోజంతా దానితోనే గడిపాను. మీటరుకు ఏమీ లేదు, గొట్టంలో నీటి చుక్క చేరింది, అంతే. సాయంత్రం చెబితే, చూశావా, ఉరి తియ్యబోయావు అని నవ్వారు. ఆ నవ్వు చూసే ఈ పనిలో ఉండిపోయాను, ఆ నవ్వు చూసే వాళ్ళబ్బాయికి కూడా సరే అన్నానేమో, పెద్దాయన గుణం కొంతైనా వచ్చుంటుందిలే అని. రాలేదు. కొడుకులోనూ ఉంటుందని లెక్కేసుకున్న ఆ గుణం ఇప్పుడు పెద్దాయనలోనే లేకుండా పోయింది. అడక్కుండానే గడియారం ఆగిపోయిందమ్మా అన్నారు. నేరం రుజువయ్యే దాకా ఆగలేదు. నాతో అన్నారు ఆ మాట, నాతో.

అయినా నాకు ఆశ చావలేదు. ఆగి, మళ్ళీ నడిచే గడియారాలుంటాయి, వైరు వదులై ఒక కుదుపుకు పోయి ఇంకో కుదుపుకు వచ్చేవి ఉంటాయి. ఊడదీసి బల్ల మీద పెట్టి దానితో ఎన్ని వేషాలు వేయించాలో అన్నీ వేయించాను. ఊపాను, తట్టాను, జుట్టు ఆరబెట్టుకునే మిషనుతో వేడెక్కించాను, ఫ్రిజ్‌లో పాలగిన్నె పక్కన పడుకోబెట్టాను, అత్తగారు చూసి ఆ దరిద్రాన్ని ఇంట్లోకి ఎందుకు తెచ్చావన్నారు. వంట చేస్తూ చూశాను, బుజ్జిదానికి జడ వేస్తూ చూశాను. ఆగవే తల్లీ, ఒక్కసారి ఆగు, నీకు పుణ్యముంటుంది అని బతిమాలాను, నిజంగా బతిమాలాను, ఒక మెకానిక్ ఒక వస్తువును పాడవమని బతిమాలడం ఎక్కడైనా ఉందా. అది ఆగలేదు. వారమంతా నా చేతి గడియారంతో కాలు కలిపి నడిచింది. నిన్న దాన్ని తీసుకొచ్చి మళ్ళీ దాని చోట్లో బిగించేశాను, బాగుంది కాబట్టి.

రాత్రి భోజనాల దగ్గర మా ఆయనకు మెల్లగా చెప్పాను. వంచిన తల ఎత్తకుండానే, సరేలే, కొత్తది తెచ్చాను కదా, అది పెట్టెయ్ అన్నాడు. వినపడలేదేమోనని మళ్ళీ చెప్పాను, పాతది పాడవలేదండీ అని. వినపడింది అన్నాడు. అప్పుడు చూశాను అతని మొహం. అందులో ఆశ్చర్యం లేదు. నీళ్ళు తాగి, అత్తగారు వంటింట్లో ఉన్నారని నిర్ధారించుకుని, గొంతు తగ్గించి చెప్పుకొచ్చాడు, నాన్నకు కొన్నాళ్ళుగా ఇలాగే ఉందట, తను తోడుగా వెళ్ళి పక్కన కూర్చుంటున్నాడట, ముల్లు తిరగగానే నాన్నా ట్యాంకు అని గుర్తు చేస్తున్నాడట, ఆ రోజు ఏదో పని పడి వెళ్ళలేదట. తోడుగా అంటే విమానం మోజు పుట్టిందేమో అనుకున్నాను నేను ఇన్నాళ్ళూ, తండ్రీకొడుకులు దగ్గరవుతున్నారని మురిసిపోయాను కూడా. మరి రేపు బుజ్జిది? అన్నాను. నేను పక్కన ఉంటాగా, చూసుకుంటాలే అన్నాడు. విమానం నడపడం రాని మనిషి. పిడి తిప్పమని చెప్పడానికి మాత్రం వచ్చు. ఒకవేళ ఆయన పిడి కాకుండా ఇంకేదైనా మరిచిపోతే? అన్నాను. అలాంటివి నోటితో అనకు అన్నాడు. అని, చారు పోసుకుని, జుర్రుకుంటూ తిన్నాడు. ఆ జుర్రిన చప్పుడు నా చెవిలో ఇప్పటికీ ఉంది. నాన్న మనసు కష్టపెట్టకూడదు. అమ్మకు తెలియకూడదు. నలుగురిలో పలచనవకూడదు. అన్నీ అవకూడనివే, అవుతున్నదొక్కటే, నా పిల్ల ఇంకాసేపట్లో రెండు కొత్త పళ్ళూ బయటపెట్టి నవ్వుతూ వచ్చి ఆ వెనక సీట్లో కూర్చుంటుంది.

మరి నువ్వేం చేస్తున్నావే ఇక్కడ అని అడగాలి ఎవరైనా నన్ను. పొద్దున లేచి, నోరు మూసుకుని, పెట్టె తెచ్చుకుని, ఇదిగో మూడో స్క్రూ కూడా వదులు చేసేశాను. కొత్త గడియారం బిగించాక ఇంజనులో ఏదో కొత్త రోగం కనిపెట్టి ఇవాళ్టికి ఆపాలని అనుకున్నాను. ప్లగ్గులు మసిబారాయనొచ్చు. టైరు అనొచ్చు. అంటే నేను కూడా అంతే, తప్పు మోపడానికి ఇంకో వస్తువు వెతుకుతున్నాను, ఈ ఇంటి నీళ్ళు ఒంటబట్టాయి. ఇవాళ టైరు, రేపు ప్లగ్గులు, ఎల్లుండి వాన. ఎన్నాళ్ళు? గడియారాన్ని వెనకనుంచి తోస్తే ప్యానెల్లోంచి ముందుకు జారి వైరు పట్టుకుని వేలాడింది. దాని టిక్కుటిక్కు ఇప్పుడు రేకుకు తగిలి ఇంకా గట్టిగా వినిపిస్తోంది. వైరు విప్పాలి. చెయ్యి వెళ్ళడం లేదు. చేతికి ఎలుకల గూడు తగిలింది, మెత్తగా, తడిగా. ఇలాంటి వాసనలో కూర్చునా వీళ్ళందరూ ఇన్నాళ్ళూ ఎగిరింది, ఎవరికీ రాలేదా, వచ్చినా ఏదో బయటి వాసనలే అనుకున్నారా.

రెక్క మీద అడుగులు. విమానం ఆ పక్కకు కొంచెం ఒరిగింది. తలుపు తెరుచుకుని మామగారు లోపలికొచ్చి కుడివైపు సీట్లో కూర్చున్నారు. నా చోటునుంచి ఆయన బూట్లు, ప్యాంటు అంచులు మాత్రమే కనిపిస్తున్నాయి, బూట్లకు పాలిషు, ఎగిరే రోజున పాలిషు లేకుండా రారు. లేచి మొహాన్నే అడిగేద్దామా అనుకున్నాను, లేవాలంటే ముందు కాళ్ళు దించాలి, తల పక్కకు తిప్పి పెడలు తప్పించాలి, పోట్లాటకు లేచే మనిషి లేచే తీరు కాదది. పడుకునే ఉన్నాను. వేలాడుతున్న గడియారాన్ని ఆయన చేతిలోకి తీసుకున్నట్టున్నారు, వైరు కొంచెం కదిలింది. ఆయన చేతిలోనూ అది నడుస్తూనే ఉంది, ఆ చప్పుడు ఇద్దరం విన్నాం. ముల్లు ఎడమవైపు ఎక్కుతూ ఉండాలి ఇప్పుడు, నా చేతి గడియారంలో అలాగే ఉంది.

"మామయ్యా, ఇప్పుడు ఏ ట్యాంకు?"

నా గొంతు అంత కటువుగా వస్తుందనుకోలేదు. మీటరు చేతిలో పెట్టి రోజంతా నిలబెట్టిన మనిషిని నేలమీద పడుకుని గాడిదల ప్రశ్న అడిగాను. బూట్లు కదల్లేదు. బయట బుజ్జిది ఏదో పాట పాడుకుంటోంది, అత్తగారు ఫోనులో ఎవరికో మొదటినుంచి మళ్ళీ మొదలుపెట్టారు. ఆయన గొంతు మామూలుగానే ఉంది, పాఠం చెప్పేటప్పటి గొంతే.

"ఎడమ. అది తెలుస్తుందమ్మా. ముల్లు కనిపిస్తుంది, పిడి మీద చెయ్యి వేస్తాను. చెయ్యి వేశాక, ఇప్పుడు మార్చబోతున్నానా, మార్చేసి చెయ్యి తీస్తున్నానా అన్నది తెలియదు. పిడి ఎటుందో చూడొచ్చు కదా అంటావు. చూస్తాను. చూసి తలెత్తేలోపు పోతుంది."

ఆ రోజు అలా ఎన్నిసార్లు తిప్పారో తెలియదన్నారు. ఇంజను ఆగాక ఎడమకు తిప్పానని నమ్మి కుడికే తిప్పి కూర్చున్నారట, పొలం దగ్గరయ్యే దాకా. దిగాక పిడి చూసుకున్నారట, కుడివైపే ఉందట. అప్పటికి నేను పెట్టె పట్టుకుని గట్ల మీద పరుగెత్తుకుంటూ రావడం కనిపించిందట, ఏదో ఒకటి చెప్పాలి కదా, ఎదురుగా గడియారం కనిపించింది. చెప్పాక వెనక్కి తీసుకోలేకపోయారు, ఎందుకంటే అప్పటికే అందరూ దాన్ని పట్టేసుకున్నారు, ఆయన కంటే గట్టిగా. నాకు జాలి కలగాలి. కలగలేదు, ముందు ఒళ్ళు మండింది, ఇంత తెలిసి పిల్లకు మాటెలా ఇచ్చారు అన్నాను, ఈసారి లేచే అన్నాను, పెడలుకు తల కొట్టుకుంది. ఆయన నా వైపు చూడలేదు. గడియారాన్ని రెండు చేతుల మధ్య పెట్టుకుని కూర్చున్నారు.

"నువ్వు ఆపుతావనుకున్నాను. వారం నుంచీ చూస్తున్నాను, నువ్వు ఆపుతావని. కొత్తది ఆ కన్నానికి పట్టదని చెప్పమ్మా. పాతది బాగుపడదని చెప్పు. తర్వాత మెల్లగా నేనే ఈ విమానం వదిలించుకుంటాను. ఈ ఒక్కసారికి."

అసహ్యం అంటే ఎలుకల కంపని అనుకున్నాను ఇందాక. ఇదీ. నేరం రుజువయ్యే దాకా వదలవద్దన్న మనిషి, నిరపరాధి అని వారం రోజులు నేను రుజువు చేసిన దాన్ని చేతిలో పట్టుకుని, దీన్ని ఉరి తియ్యి అని నన్నే అడుగుతున్నారు, చేతులు జోడించినంత పని చేసి అడుగుతున్నారు. కొడుకు మోయలేనిది, భార్యకు చెప్పలేనిది, తెచ్చి నా నెత్తిన పెడుతున్నారు. పైగా వారం నుంచీ చూస్తున్నారట. అంటే నేను పరీక్షలు పెట్టింది గడియారానికైతే, ఆయన పరీక్ష పెట్టింది నాకు. కాదు పొమ్మందామనుకున్నాను. కానీ కాదంటే ఏమవుతుందో కూడా తెలుసు, ఆయన దిగి వెళ్ళి చెప్పలేరు, చెప్పలేక ఎగురుతారు, పాలిషు చేసిన బూట్లతో, నా పిల్లను వెనక కూర్చోబెట్టుకుని, కొడుకు ముల్లు చూస్తూ నాన్నా ట్యాంకు అంటుంటే. మింగలేక, కక్కలేక, ఆయన కాళ్ళ మీదుగా పాకి, తలుపులోంచి రెక్క మీదికి వచ్చాను. ఎండ. మొహం మీద ఎలుకల దుమ్ము అలాగే ఉంది.

ముగ్గురూ నా వైపు చూశారు. కొత్తది కన్నానికి పట్టడం లేదు, పాతది ఇక బాగుపడదు, ఇవాళ కుదరదు అన్నాను. ఆ మీటరు రోజు తర్వాత నేను ఏ వస్తువు గురించైనా చూడకుండా ఒక మాట అని ఎరుగను, చూసి అబద్ధమాడటం అంతకన్నా ఎరుగను, అయినా తడబడకుండా వచ్చేసింది, అత్తగారి కథలాగే నున్నగా. బుజ్జిది ఏడవలేదు. పెదవులు మూసుకుని ఆ కొత్త పళ్ళను లోపల దాచేసుకుంది, అది చూడలేకపోయాను. అత్తగారు ఫోనులోనే, చెప్పలేదూ వదినా, అది మొదటినుంచీ శనిలా పట్టుకుందని, అని అందుకున్నారు. మా ఆయన దగ్గరికొచ్చాడు, నన్ను రెక్క మీదనుంచి దించడానికి చెయ్యి అందించి, నా చెవి దగ్గర, మంచిపని చేశావు అన్నాడు. ఎంత తేలిక పడ్డాడో అతని మొహం, పెళ్ళైన ఇన్నేళ్ళలో నా మీద అంత ప్రేమ చూడలేదు నేను ఆ మొహంలో. ఇప్పటికి ఈ ఇంటి మనిషివయ్యావు అన్నట్టుంది. అతని చెయ్యి వదిలించుకున్నాను.

"అమ్మాయి అబద్ధం చెబుతోంది. నేనే చెప్పమన్నాను."

మామగారు రెక్క మీద నిలబడి ఉన్నారు, తలుపు అంచు పట్టుకుని. ఎప్పుడు లేచి వచ్చారో. నా వైపే చూస్తున్నారు, ఆయన మొహం చూస్తే నోట్లో చేదు పడ్డ మనిషిలా ఉంది, నేను చెప్పిన మాట ఆయన చెవిన ఎలా పడిందో ఆ మొహంలో తెలిసింది. చెప్పమని అడిగినప్పుడు తెలియదు కాబోలు, నా నోట్లోంచి వింటే ఎలా ఉంటుందో. గడియారం ఆగలేదన్నారు. ఆ రోజు కూడా ఆగలేదన్నారు. ట్యాంకు మార్చాననుకున్నాను, మార్చలేదు, ఇక నేను నడపకూడదు అన్నారు, ఒక్కో మాటా విడివిడిగా, అందరికీ వినిపించేలా. మా ఆయన గబగబా రెక్క దగ్గరికి వెళ్ళాడు. నాన్నా, ఎండలో ఉన్నారు, దిగండి, ఇవన్నీ తర్వాత మాట్లాడుకుందాం అన్నాడు.

"తర్వాత నాకు గుర్తుండదురా. ఇప్పుడే విను."

నాకు మా ఆయన్ని చూస్తే మొదటిసారి అసహ్యం వెయ్యలేదు, భయం వేసింది, అతనికీ వేస్తోందని తెలిసింది. అత్తగారు ఫోను కట్టేశారు, అవతలి వాళ్ళు ఇంకా మాట్లాడుతుండగానే. కుర్చీలోంచి లేచి, చీర కుచ్చెళ్ళు ఒక చేత్తో ఎత్తిపట్టుకుని రెక్క దగ్గరికి వెళ్ళి ఆయనకు రెండో చెయ్యి అందించారు, నెమ్మదిగా దిగండి, ఆ జారని పట్టీ మీదే కాలు వెయ్యండి అన్నారు. ఆవిడ మొహంలో ఆశ్చర్యం వెతికాను, ఒక్క పిసరు లేదు. ఆవిడకూ తెలుసు. అందరికీ తెలుసు, అందరూ అందరినుంచీ దాచారు, దాచి, చారు పోసుకుని తిన్నారు. ఆయన ఆవిడ భుజం పట్టుకుని దిగి, అదే కుర్చీలో కూర్చున్నారు. బుజ్జిది నా దగ్గరికొచ్చి నా కంపు కొట్టే చెయ్యి పట్టుకుని, తాతయ్య ఇంక విమానం ఎక్కరా అని అడిగింది. తల తిప్పి కుర్చీలో ఉన్న మనిషిని చూశాను. ఆయన వింటున్నారు.

ఎక్కరమ్మా, ఇంక ఎక్కరు, అన్నాను ఆయనకు వినిపించేలాగే.